అనూహ్య ఫలితం – ఓటరు ఆశాభంగం: ములుగు ఎన్నికల నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఎన్నికలలో ఊహించని ఫలితం వెలువడినప్పుడు దానిని ప్రజాగ్రహంగా, ప్రజాతీర్పుగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం ఎంతవరకు న్యాయమైనది? ఆశాభంగంతో వేసిన ఓటుకు నైతికంగా ఏ విలువ ఉంది? ఆ ఓటు ఎవరిపై ఏ బాధ్యతను మోపుతుంది? ఈ మూడు ప్రశ్నలను ములుగు శాసనసభ నియోజకవర్గంలో 2018లో వచ్చిన ఫలితాన్ని కేంద్రంగా చేసుకొని, తెలుగు ప్రాంతాల్లోని మరికొన్ని ఎన్నికల అనుభవాలతో పోల్చి చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఎన్నిక, తీర్పు, ఆశాభంగం, రహస్య ఓటు, ప్రాతినిధ్యం, గ్రామసభ.

1. ప్రవేశిక

2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగింది. 11న ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం 119 స్థానాలలో అధికార తెలంగాణ రాష్ట్ర సమితి 88 గెలుచుకోగా కాంగ్రెసుకు 19 మాత్రమే దక్కాయి. రాష్ట్రమంతా ఒకవైపు మొగ్గిన ఆ రోజున, షెడ్యూల్డు తెగలకు కేటాయించిన ములుగు నియోజకవర్గం మరోవైపు నిలిచింది. అక్కడ గిరిజన సంక్షేమశాఖ మంత్రిగా ఉన్న అజ్మీరా చందులాల్‌పై కాంగ్రెసు అభ్యర్థి దనసరి అనసూయ (సీతక్క) 22 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పక్కనే ఉన్న భూపాలపల్లిలో శాసనసభాపతి మధుసూదనాచారి ఓడిపోయారు. అక్కడ కాంగ్రెసు అభ్యర్థి గండ్ర వెంకటరమణారెడ్డి గెలిచారు. అప్పటికి ఈ రెండు నియోజకవర్గాలూ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనివే.

రాష్ట్రంలో ఎవరు గెలుస్తారన్న విషయంలో ఊహ తప్పలేదు. ఇక్కడ తప్పింది. అందుచేత ఈ ఫలితాన్ని 'అనూహ్యం' అన్నారు. అయితే ఊహ అనేది ఊహించేవాడి ధర్మమే గాని ఊహకు విషయమైన వస్తువు ధర్మం కాదు. ఓటు వేసిన వేలాది మందిలో ఎవరికీ తన ఓటు అనూహ్యం కాదు. కాబట్టి 'ఫలితం ఎందుకిలా వచ్చింది?' అన్న ప్రశ్నకంటే ముందు 'ఇది ఎవరికి అనూహ్యం? వారు వినవలసినది ఎందుకు వినలేకపోయారు?' అన్న ప్రశ్న వేసుకోవాలి.

2. ఎన్నిక, ఓటు, తీర్పు: పదాల వెలుగులో

ఈ విషయంలో మన మాటలే కొంత దారి చూపుతాయి. 'ఎన్ను' ధాతువుకు లెక్కించడం మొదటి అర్థం. తలచడం, విలువ ఇవ్వడం తరువాతి అర్థాలు. 'ఎన్నదగిన పండితుడు' అన్నప్పుడు గౌరవం ధ్వనిస్తుంది. 'తప్పులెన్నడం' అన్నప్పుడు అదే ధాతువు దోషాన్ని ఎత్తిచూపడానికి వాడుక అవుతుంది. లెక్క, మన్నన, దోషనిరూపణ అనే ఈ మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఎన్నికల అధికారి మొదటిదానిని మాత్రమే చేస్తాడు. ఓటరు చేసేది తక్కిన రెండింటినీ. అయితే ఓటరు మన్ననా ఎన్నికే, ఓటరు అభియోగమూ ఎన్నికే. యంత్రంలో రెండూ ఒకే మీటగా నమోదవుతాయి. మన్ననకు ఒక గుర్తు, అభియోగానికి మరొక గుర్తు లేవు. సమస్య మొదలయ్యేది ఇక్కడే.

'ఓటు' ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. అచ్చతెలుగులో 'ఓటు' అంటే పగులు, బీట. 'ఓటికుండకు మోత ఎక్కువ' అన్న సామెతలోనిది ఆ మాటే. ఈ రెండు మాటలకూ వ్యుత్పత్తి సంబంధం ఏమీ లేదు. యాదృచ్ఛికమైన ధ్వనిసామ్యం మాత్రమే. అయినా పగిలిన కుండ ఎక్కడ కారుతున్నదో నీళ్లు పోస్తే గాని తెలియనట్లు, పాలనలోని బీట ఎక్కడ ఉన్నదో ఓట్లు పడితే గాని పాలకులకు తెలియడం లేదన్నది అనుభవం.

'ప్రజాతీర్పు' అన్న రూపకాన్ని మాత్రం జాగ్రత్తగా పరిశీలించాలి. 'తీరు' ధాతువు నుంచి వచ్చిన తీర్పులో ఏదో ఒకటి తీరాలి. ఆకలి తీరుతుంది, అప్పు తీరుతుంది, తగవు తీరుతుంది. ఎన్నికల్లో తీరేది అభ్యర్థుల మధ్య పోటీ. ఓటరు గోడు ఆ రోజుతో తీరదు. పైగా న్యాయస్థానపు తీర్పుకు కారణాలు రాయాలి. కారణం లేని తీర్పును పైకోర్టు కొట్టివేయవచ్చు. ఓటరు తీర్పు కారణం చెప్పదు. చెప్పనవసరం లేదన్నదే దాని స్వభావం. అంటే ప్రజాతీర్పు అని మనం వ్యవహరించేది నిర్ణయమున్నా కారణం లేని పాఠం. ఆ కారణాన్ని పూరించే పని వ్యాఖ్యాతలది అవుతున్నది.

3. కారణం లేని పాఠానికి వ్యాఖ్యానం

ములుగు ఫలితానికే ఎన్ని వ్యాఖ్యానాలు సాధ్యమో చూడవచ్చు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ములుగు ప్రత్యేక జిల్లా కాలేదు. భూపాలపల్లి కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో భాగమయింది. ఆ అసంతృప్తి ఫలితంలో ప్రతిఫలించిందనడం ఒక వ్యాఖ్యానం. షెడ్యూల్డు తెగల జాబితాలో లంబాడాల స్థానాన్ని ప్రశ్నిస్తూ 2017లో ఆదివాసీ సంఘాలు ఉద్యమించాయి. ఆ ఉద్రిక్తత ఓటుపై పనిచేసిందనడం రెండవది. పోడు భూములకు పట్టాలు అందకపోవడం మూడవది. అభ్యర్థి వ్యక్తిగత ప్రభావం నాలుగవది. ఆయుధం పట్టి అడవిలో ఉద్యమించి, 1990లలో బయటికి వచ్చి, న్యాయశాస్త్రం చదివి, 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడిన వ్యక్తి ఆమె. ఓటర్లకు ఆమె జీవితం కొత్త కథ కాదు. ఇక ములుగుకు పార్టీలను మార్చి చూసే అలవాటు ఉన్నదనడం అయిదవది. 1999, 2004లలో కాంగ్రెసును, 2009లో తెలుగుదేశాన్ని, 2014లో తెలంగాణ రాష్ట్ర సమితిని గెలిపించిన నియోజకవర్గమే ఇది.

ఈ అయిదింటిలో ఏది నిజం? అన్నీ కొంత నిజం కావచ్చు. ఒకరి ఓటుకు ఒక కారణం, పక్కవారి ఓటుకు మరొక కారణం. ఒకే వ్యక్తిలో రెండు మూడు కారణాలు కలిసి ఉండవచ్చు. సాహిత్య విమర్శలో వాచ్యార్థం అసంపూర్ణమైనప్పుడు వ్యంగ్యార్థాన్ని వెదకుతాం. ఓటుకు వాచ్యార్థం ఒక గుర్తు మాత్రమే. తక్కినదంతా వ్యంగ్యం. ఆనందవర్ధనుని సంప్రదాయంలో వ్యంగ్యాన్ని గ్రహించడానికి సహృదయుడు కావాలి. ఎన్నికల వ్యాఖ్యాత ఎక్కువగా సహృదయుడు కాడు, స్వపక్షుడు. గెలిచినవాడు ఫలితంలో తన గుణాలను చదువుకుంటాడు. ఓడినవాడు ఓటరు అమాయకత్వాన్నో, డబ్బు ప్రభావాన్నో చదువుతాడు.

కావ్యానికీ ఓటుకూ మరొక భేదం ఉంది. నన్నయను అడిగి అర్థం తెలుసుకునే అవకాశం మనకు లేదు. ఓటరు మాత్రం సజీవంగా, పక్క ఊరిలోనే ఉన్నాడు. అతణ్ణి అడగవచ్చు. అడగగలిగి కూడా అడగకుండా వ్యంగ్యార్థాన్ని మనమే నిర్ణయించడం విమర్శలో లోపం. ప్రజాజీవితంలో అది నైతిక దోషం.

4. మౌనం అబద్ధమా?

ఊహ తప్పడానికి ఒక కారణం ఓటరు మౌనం. ప్రచారానికి వచ్చిన ప్రతివారితోనూ 'మీకే వేస్తాం' అనడం పల్లెల్లో అందరికీ తెలిసిన విషయమే. ఇది సత్యదోషం కాదా అన్న ప్రశ్న తేలికైనది కాదు. జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో ప్రాతినిధ్య ప్రభుత్వంపై రాసిన గ్రంథంలో ఓటు వ్యక్తి సొంత ఆస్తి కాదని, సమాజం తరఫున అతనికి అప్పగించిన బాధ్యత అని వాదించాడు. కాబట్టి దానిని బహిరంగంగానే వినియోగించాలని, రహస్యంగా వేస్తే స్వార్థానికి తావు కలుగుతుందని అతని అభిప్రాయం. బ్రిటన్‌లో 1872లో రహస్య ఓటు చట్టమయింది. భారతదేశంలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు గోప్యతను కాపాడవలసిన బాధ్యతను ఎన్నికల సిబ్బందిపై ఉంచింది.

మిల్ వాదంలోని మొదటి సగం నిలుస్తుంది. ఓటు బాధ్యతే. రెండవ సగం నిలవడానికి ఓటరు ఎవరికీ భయపడనవసరం లేని సమాజం కావాలి. పింఛను, ఇల్లు, రేషను కార్డు, సాగుచేసుకుంటున్న పోడు చెలక వంటివన్నీ ఎవరో ఒకరి సంతకం మీద ఆధారపడి ఉన్నచోట బహిరంగంగా నిజం చెప్పడం సాహసం. ఆ సాహసం చేయలేదని ఓటరును నిందించడం అన్యాయం. అడిగే హక్కు లేనివాడు అడిగినప్పుడు మనసులోని మాట దాచుకోవడం అబద్ధం కింద రాదు.

ఆ గోప్యత కూడా చిన్న గూడేలకు సంపూర్ణంగా దక్కడం లేదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. ఓటింగు యంత్రాలు వచ్చాక ఏ పోలింగు కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందరికీ తెలుస్తున్నది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజరును వాడాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో న్యాయ కమిషన్ తన 255వ నివేదికలో దానిని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం మాత్రం అంగీకరించలేదు. నగరంలో ఒక కేంద్రపు లెక్క బయటపడితే వ్యక్తి బయటపడడు. ఏజెన్సీలో రెండు మూడు గూడేలకు ఒకే కేంద్రం ఉన్నప్పుడు ఊరికి ఊరే బయటపడుతుంది. ఈ స్థితిలోనూ అధికార పక్షానికి వ్యతిరేకంగా ఓటు వేయడం సామాన్యమైన నిర్ణయం కాదు. ఫలితం అనూహ్యం కావడమంటే రహస్య ఓటు తన పని తాను చేసిందనే అర్థం.

5. ఆశాభంగం – దాని రూపాలు

ఓటరు అసంతృప్తిని వర్ణించడానికి మనం వాడే మాటలను పర్యాయపదాలుగా భావిస్తాం. అవి పర్యాయపదాలు కావు. ఆశించినది జరగకపోతే కలిగేది ఆశాభంగం. ఇక జరగదని తేలిపోతే నిరాశ. జరగాలన్న కోరికే చచ్చిపోతే నిస్పృహ. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. ఆశాభంగం చెందినవాడు ఓటు మార్చి వేస్తాడు. నిస్పృహ చెందినవాడు 'ఎవరు గెలిచినా ఒకటే' అంటాడు. మొదటివాడికి వ్యవస్థపై ఇంకా నమ్మకం ఉంది. అతని కోపంలో ఒక ఆశ దాగి ఉంది.

కోపం నైతికమా అన్న చర్చ మనకు కొత్తది కాదు. మహాభారత ఆరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ ప్రహ్లాదుడు బలికి చేసిన ఉపదేశాన్ని ఉదాహరిస్తుంది. ఎల్లవేళలా క్షమ మంచిది కాదు, ఎల్లవేళలా తేజస్సు మంచిది కాదు, కాలాన్నెరిగి ప్రవర్తించాలన్నది దాని సారాంశం. అరిస్టాటిల్ కూడా తగినవారిపై, తగిన కారణానికి, తగిన మేరకు కలిగే కోపాన్ని దోషంగా పరిగణించలేదు. ఈ ప్రమాణాలతో తెలుగు ప్రాంతాల అనుభవాలను చూడవచ్చు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంకరపోతున్న ప్రజల గోడును దేశానికి వినిపించడం అందులో అధిక సంఖ్యాకుల ఉద్దేశం. వారు గెలవడానికి నిలబడలేదు, వినబడడానికి నిలబడ్డారు. దానికి వ్యవస్థ ఎలా స్పందించింది? అదే సంవత్సరం తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానానికి వెయ్యిమందికి పైగా పోటీపడ్డారు. ఆ తరువాత ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఎన్నికల నిర్వహణ దృష్టితో ఇది సమంజసమే కావచ్చు. నైతిక దృష్టితో చూస్తే గోడు వినడానికి ముందు గోడు చెప్పుకోవడానికయ్యే ఖర్చు పెరిగింది.

2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర వారి కోరికలు. సిట్టింగు సభ్యురాలు కవిత ఓడి, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ గెలిచారు. 2023లో కామారెడ్డిలో ముఖ్యమంత్రిగా ఉన్న కె. చంద్రశేఖరరావు, ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఇద్దరూ ఓడి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఆ ఏడాది ఆరంభంలోనే పట్టణ మాస్టర్ ప్లానుకు వ్యతిరేకంగా అక్కడ రైతులు ఆందోళన చేశారు. కోపం తగిన కారణంతో మొదలై, తమకు అందుబాటులో ఉన్న ఒకే ఒక సాధనాన్ని వాడుకున్న సందర్భాలివి.

అయితే ఆగ్రహం ఎప్పుడూ తగినవారి మీదనే పడుతుందన్న హామీ లేదు. 1984లో హనుమకొండ లోక్‌సభ స్థానంలో పి.వి. నరసింహారావు భారతీయ జనతా పార్టీకి చెందిన చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు. దేశమంతటా కాంగ్రెసు ప్రభంజనం వీచిన ఎన్నిక అది. ఏడేళ్లకు ఆయనే ప్రధానమంత్రి అయ్యారు. ఓటమిని వ్యక్తి యోగ్యతపై తీర్పుగా చదవడం ఎంత పొరపాటో ఈ ఉదాహరణ చెబుతుంది. ఓటు ఒక స్థానానికి, ఒక సందర్భానికి సంబంధించినది. అది గుణపత్రం కాదు, శిక్షాపత్రమూ కాదు.

ఎవరూ వద్దనుకునేవారికి 2013 సెప్టెంబరు 27 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 'నోటా' లభించింది. అయితే నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినా అభ్యర్థులలో ముందున్నవారే గెలిచినట్లు లెక్క. నిరాకరణను నమోదు చేసే పుస్తకం వచ్చింది గాని, దానికి సమాధానం చెప్పవలసినవారెవరో ఆ పుస్తకంలో లేదు.

6. గెలిచినవారి ఋణం

కారణం చెప్పని ఓటు గెలిచినవారిని స్వేచ్ఛగా వదిలేస్తుందా? 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ ఓటర్లతో ప్రతినిధి తన వివేకం ప్రకారం నడవాలి గాని ఓటర్ల ఆదేశానికి బద్ధుడు కాడని వాదించాడు. ఈ వాదాన్ని అంగీకరించినా, వివేక స్వాతంత్ర్యం ఒకటి, ఎవరికి వ్యతిరేకంగా గెలిచారో వారితో చేరే స్వాతంత్ర్యం మరొకటి.

2018లో గెలిచిన 19 మంది కాంగ్రెసు సభ్యులలో 12 మంది 2019లో అధికార పక్షంవైపు వెళ్లారు. ఆ జూన్‌లో దానిని శాసనసభాపక్ష విలీనంగా గుర్తించారు. భూపాలపల్లి సభ్యుడు ఆ 12 మందిలో ఒకరు. ములుగు సభ్యురాలు కాదు. 2024లో ప్రవాహం దిశ మార్చుకొని భారత రాష్ట్ర సమితి నుంచి కాంగ్రెసువైపు సాగింది. కాబట్టి ఇది ఒక పార్టీ దోషం కాదు. 1985లో చేర్చిన పదో షెడ్యూలు మూడింట రెండు వంతుల మంది కలిసి చేసే విలీనానికి మినహాయింపు ఇచ్చింది. ఒకరు చేస్తే ఫిరాయింపు, ఎక్కువమంది చేస్తే విలీనం. చట్టానికి సంఖ్య చాలు. నీతికి సంఖ్యతో పని లేదు. ఓటరు ఇచ్చిన మాట, తీసుకున్న మాట పన్నెండు మందిలోనూ విడివిడిగానే ఉంటాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. సీతక్క కూడా 2017లో తెలుగుదేశం నుంచి కాంగ్రెసులోకి వచ్చినవారే. పార్టీ మారడమే దోషమైతే అది ఆమెకూ వర్తించదా? భేదం క్రమంలో ఉంది. అప్పుడు ఆమె శాసనసభ్యురాలు కారు. మారిన తరువాత ఓటరు ముందుకు వెళ్లారు. ఓటరుకు తెలిసి జరిగిన మార్పు వేరు, ఓటు తీసుకున్నాక ఓటరుకు చెప్పకుండా జరిగిన మార్పు వేరు.

అలాగని నిలకడకు ఫలం తప్పక దక్కుతుందని చెప్పలేం. 2023లో ములుగు సీతక్కనే మళ్లీ గెలిపించింది. భూపాలపల్లి వెంకటరమణారెడ్డిని ఓడించింది. ఇంతవరకే చూస్తే నీతికథలా కనిపిస్తుంది. అయితే 2018లో భద్రాచలం నుంచి గెలిచి కాంగ్రెసులోనే ఉండిపోయిన పొదెం వీరయ్య, ఆ పార్టీ అధికారంలోకి వచ్చిన 2023లోనే ఓడిపోయారు. పార్టీ మారినవారిలో సబితా ఇంద్రారెడ్డి వంటివారు తిరిగి గెలిచారు. ఓటరు ధర్మదేవత కాడు. అనేక అవసరాల మధ్య ఎంచుకునే మనిషి. మాట నిలుపుకోవడం గెలుపు తెస్తుందని చెప్పి ప్రతినిధులను ఒప్పించలేం. మాట కాబట్టి నిలుపుకోవాలన్నదొక్కటే మిగిలే కారణం.

ఓడిన పక్షానికీ ఒక ఋణం ఉంది. ములుగును జిల్లా చేస్తామన్న హామీ 2018 ప్రచారంలో అధికార పక్షం ఇచ్చింది. ఆ నియోజకవర్గంలో ఆ పక్షం ఓడింది. అయినా 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడింది. ఇది గమనించదగిన విషయం. 'ఓటు వేస్తే పని, లేకపోతే లేదు' అన్నది బేరం. ఓటు వేయనివారికీ హామీ నెరవేర్చడం పాలన. ఫలితం తరువాత ఓటరు ఆశాభంగం తగ్గేది ఇటువంటి చోటనే.

7. ముగింపు

ఎన్నికపై మనం మోయలేని భారం మోపుతున్నాం. జిల్లా కావాలన్నా, నీళ్లు కావాలన్నా, పట్టా కావాలన్నా, ప్రతినిధి ప్రవర్తన నచ్చకపోయినా, అన్నింటినీ అయిదేళ్లకొకసారి ఒకే మీటతో చెప్పమంటున్నాం. తరువాత ఆ మీట చప్పుడుకు అర్థాలు వెదుకుతున్నాం. కారణాలు చెప్పే చోటు వేరే ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాలకు ఆ చోటును చట్టమే చూపింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు సంప్రదింపు, ఆమోద అధికారాలు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో హక్కుల నిర్ధారణ గ్రామసభలోనే మొదలవుతుంది. అక్కడ మనిషి పేరుతో, గొంతుతో, కారణంతో మాట్లాడతాడు. ఓటులో లేని వాచ్యార్థం అక్కడ దొరుకుతుంది.

గ్రామసభ పేరుకు జరిగి, తీర్మానం ముందే రాసి ఉంటే ఓటరుకు మిగిలేది మౌనమే. ఆ మౌనం ఎన్నికల రోజున మీట మీద పడుతుంది. అప్పుడు మనం దానిని అనూహ్యమంటాం.

మేడారం ఈ జిల్లాలోనే ఉంది. కరవు కాలంలో కప్పం కట్టలేమన్న గిరిజనులపై కాకతీయ సైన్యం దండెత్తిందని సమ్మక్క–సారలమ్మల గాథ చెబుతుంది. ఆ గాథలో కట్టలేకపోవడానికి కారణం ఉంది, దానిని చెప్పినవారూ ఉన్నారు. వినవలసినవారు మాత్రం లేరు. నేటి ఓటరు ఆ గాథలోని ప్రజలకంటే ఒక విధంగా అదృష్టవంతుడు. రక్తపాతం లేకుండా నిరాకరించగలడు. అయితే వారికి కారణం చెప్పే సందర్భమైనా దొరికింది. ఇతనికి ఆ సందర్భం కల్పించడం పాలకుల బాధ్యత. అతడు చెప్పనిదాన్ని అతని పేరుతో చెప్పకుండా ఉండడం మనవంటి వ్యాఖ్యాతల బాధ్యత.